చిల్లర బిళ్లల మీది పేర్లు



ఒక గ్రంథపాలకుని పేరిట ఏర్పాటైన ఉపన్యాసం కాబట్టి పుస్తకాల గురించే చెబుతానని మీరు అనుకొని ఉంటారు. నేను మాత్రం పదిహేడో శతాబ్దంలో లండన్ వర్తకులు చేయించుకున్న చిల్లర బిళ్లల గురించి చెప్పదలిచాను. అవీ ఒక గ్రంథాలయం దాచిన సంపదే.

ఆ కాలపు ఇంగ్లండులో చిల్లరకు కటకటగా ఉండేది. రాజు అనుమతితో కొట్టిన రాగి ఫార్దింగులను పార్లమెంటు 1644లో ఆపేసింది. పెన్నీలో నాలుగో వంతైన ఫార్దింగును వెండితో కొడితే అది చేతికి చిక్కనంత చిన్నదవుతుంది. రొట్టె, కొవ్వొత్తి, బీరు కొనే పేదవాడికి కావలసింది పెన్నీలో ఆ పావో, సగమో. 1648 ప్రాంతం నుంచి అంగళ్లవాళ్లు, సత్రాలవాళ్లు తమంతట తామే ఇత్తడితో, రాగితో బిళ్లలు చేయించి వాడుకలో పెట్టారు. ఇచ్చినవాడి మీద ఇరుగుపొరుగుకు ఉన్న నమ్మకమే వాటి విలువ. 1672లో రెండో చార్లెస్ ప్రభుత్వం సొంతంగా రాగి నాణేలు తెచ్చి వీటిని నిషేధించింది.

ఇళ్లకు నంబర్లు లేని రోజులవి. అంగడిని తలుపు మీద వేలాడే బొమ్మతోనే గుర్తుపట్టేవారు. ఆ బొమ్మే బిళ్ల మీదికీ ఎక్కింది. లండన్‌లో తొలి కాఫీ దుకాణం 1652లో తెరిచారు. ఆ తర్వాత వచ్చిన కొన్ని కాఫీ దుకాణాల బిళ్లల మీద తలపాగా చుట్టిన తురుష్కుడి తల కనిపిస్తుంది. 1666 లండన్ అగ్నిప్రమాదంలో బూడిదైన సందుల పేర్లూ ఈ బిళ్లల మీద ఉన్నాయి.

నన్ను అన్నిటికంటే కదిలించేవి చాలా బిళ్లల మీద ఉండే మూడు అక్షరాలు. పైన ఇంటిపేరులోని మొదటి అక్షరం. కింద ఒక పక్క భర్త పేరులోది, రెండో పక్క భార్య పేరులోది. అంగడి నడిపింది ఇద్దరూ అని ఆ లోహపు ముక్క ఒప్పుకుంటోంది. భర్త పోయాక తన పేరుతోనే బిళ్లలు చేయించిన స్త్రీలూ ఉన్నారు. పుస్తకాల్లో ఇలాంటి ఇల్లాళ్ల పేర్లు ఎన్ని దొరుకుతాయి?

హెన్రీ బ్యూఫాయ్ అనే సేకరణకర్త తన బిళ్లలను లండన్ నగరపాలక సంస్థవారి గిల్డ్‌హాల్ గ్రంథాలయానికి ఇచ్చాడు. జాకబ్ హెన్రీ బర్న్ వాటికి వివరణాత్మక సూచిక రాయగా అది 1853లో అచ్చయింది. ఏ బిళ్ల ఏ వీధిది, ఆ సత్రం కథ ఏమిటి అని ఆయన ఓపికగా వివరాలు జోడించాడు. నా దృష్టిలో దాతది ఎంత గొప్పతనమో సూచిక రాసినవాడిదీ అంతే. వివరం రాయకపోతే పెట్టెలో మిగిలేది అరిగిన ఇత్తడి.

మన గ్రంథాలయాలకూ పాత పుస్తకాలతో పాటు, వాటి నడుమ మడిచి ఉంచిన అంగడి రసీదులు, చిట్టా కాగితాలు, కరపత్రాలు వస్తుంటాయి. పుస్తకానికి నంబరు పడుతుంది, కాగితం చెత్తబుట్టకు పోతుంది. ఇక్కడున్న గ్రంథపాలకులను ఒక్కటే కోరుతున్నాను. మీ రిజిస్టరులో వాటికి వేరుగా కొన్ని పేజీలు కేటాయించండి. ఏ ఊరిది, ఎవరిచ్చారు, ఏ పుస్తకంలో దొరికింది అన్న మూడు సంగతులూ కాగితం చేతికొచ్చిన రోజే రాయండి.