పాకము పట్టువరకు



అనకాపల్లివాడను గనుక నా మాట బెల్లముతో మొదలగుట మీకు వింతగా తోపదు. శారదానది యొడ్డున చెరకు పండించి, గానుగ ఆడించి, పెనము చెంత రాత్రులు మేలుకొన్నవారు మీలో ననేకు లుందురు. రసము పెనములో పోసి మంట పెట్టిన పిదప మొదటి గంటలో చూడవచ్చినవానికి మురికి నురుగు తప్ప వేరేమియు కనబడదు. సున్నపుతేట వేయుదురు, మడ్డి పైకి తేలును, తీసివేయుదురు, మరల తేలును, మరల తీయుదురు. ఎండిన పిప్పిని పొయ్యిలో ఎగద్రోయువాడు ద్రోయుచునే యుండవలెను. తుదకు రసము చిక్కబడినప్పుడు, పాకము తెలిసినవాడు కొంచెము తీసి చల్లని నీటిలో వేసి, వ్రేళ్లతో ఉండ చేసి చూచును. ఉండ నిలిచెనా, పెనము దింపును. నిలువలేదా, మరల మంటయే. తొందరపడి దింపిన బెల్లము ఆనాటికి చూచుటకు బాగుగనే యుండును. వానకాలపు గాలి తగిలినంతనే చెమర్చి కారిపోవును. దానిని కొన్నవాడు ఆ కొట్టు గడప మరల త్రొక్కడు.

అపొస్తలుడైన పౌలు రోమాపురములోని విశ్వాసులకు వ్రాసిన పత్రికలో, ఐదవ అధ్యాయమున, ఇట్టి పాకము నొకదానిని వర్ణించెను. కష్టము మనుష్యుని ఓర్పునకు చేర్చుననియు, ఓర్పు వానిని పరీక్షకు నిలిచిన గుణవంతుని చేయుననియు, అట్టి గుణము నుండియే నిరీక్షణ పుట్టుననియు ఆయన చెప్పిన క్రమము. అచట ఓర్పునకు వాడిన గ్రీకు మాట ‘హుపొమొనె’. క్రింద నిలిచియుండుట అని దాని యవయవార్థము. కావడి భుజమున కెత్తుకొన్నవాడు సగము త్రోవలో దానిని జారవిడువక నిలిచినట్లు. గుణమునకు వాడిన మాట ‘దొకిమె’. పరీక్షించి చూడగా సరియని తేలినది అని యర్థము. నీటిలో వేసిన ఉండ నిలుచుట యన్నమాట. ఈ రెండవదానిని ఎవ్వరును నేరుగా సంపాదింపలేరు. మొదటిదానిగుండ నడిచిపోవలసినదే.

ఇచట ఒక్క మాట చెప్పక ముందుకు పోలేను. నేను చిన్ననాట బాలవ్యాకరణము వల్లించినవాడను గనుక మాటల తేడాలు నన్ను పట్టి ఆపును. ఓర్చుట వేరు, ఊరకుండుట వేరు. ఓర్పు పేరు చెప్పి, కూలి సరిగా ఈయని యజమానుని యెదుట నోరు మూసికొమ్మని బీదవానికి బోధించువారిని నేను చూచితిని. అది వేదబోధ కాదు. లూకా సువార్త పదునెనిమిదవ అధ్యాయమున యేసు చెప్పిన కథలో, దేవునికి వెరవని న్యాయాధిపతి యొద్దకు ఒక విధవ తన న్యాయముకొరకు మాటిమాటికి పోయి అడుగుచునే యుండెను. ప్రభువు ఎంచి చూపినది ఆమె ఓర్పును. ఆమె ఊరకున్నదా?

ఇక కథకు వత్తును. మనకు నలువది కిలోమీటర్ల లోపుననే యున్న విశాఖపట్టణమున జరిగినది. ఆదివారమునాడు బైబిలు చేతబట్టుకొని గుడికి పోవువారిలో గూడ తెలిసినవారు కొద్దిమందియే. 1805వ సంవత్సరమున లండను మిషనరీ సంఘమువారు పంపిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అను ఇరువురు ఆ పట్టణమున కాలు మోపిరి. వారికి తెలుగు రాదు. నేర్చుకొందమన్నను ఇంగ్లీషున అచ్చయిన తెలుగు వ్యాకరణము నాటికి ఒక్కటియు లేదు. అంతకు మూడు తరముల ముందు బెంజమిన్ షుల్జ్ అను జర్మను బోధకుడు చెన్నపట్టణమున నుండి బైబిలును తెలుగు చేసియుండెను గాని, అది అచ్చు పడలేదు. వ్రాతప్రతి జర్మనీ దేశములోని హాలె నగరమునకు చేరి అచటనే యుండిపోయెను. అందుచేత వీరు మరల మొదటి అక్షరమునుండి దిద్దుకొనవలసి వచ్చినది.

పిల్లలకు బడి పెట్టిరి. తాము పిల్లలవలె అక్షరములు నేర్చిరి. 1808లో ఆనందరాయరు వచ్చి కలసెను. ఆయన బ్రాహ్మణ వంశమున పుట్టి, దక్షిణదేశమున క్రైస్తవుడైన వాడు, తెలుగు తెలిసినవాడు. ఈ కథ చెప్పువారు దొరల పేర్లు చెప్పి ఈయన పేరు మరచుట కద్దు. అది నాకు నచ్చదు. సముద్రము దాటి వచ్చి మూడేండ్లయినవాడు తెలుగు వాక్యమునకు నడక నేర్పలేడు. ప్రక్కను కూర్చుండి, ‘ఇట్లనరాదు, ఇట్లనవలెను’ అని దినదినము చెప్పినవాడు ఉండితీరవలెను. తనవారిని విడిచి వచ్చినవాడు, పరదేశీయుల చెంత, ఫలము కానరాని పనిలో, ఒక్కొక్క వాక్యమునే దిద్దుచు కూర్చుండుట ఎట్టి ఓర్పో మనము ఊహింపవచ్చును.

1809వ సంవత్సరారంభమున క్రాన్ మరణించెను. మరుసటి సంవత్సరము డెస్ గ్రాంజెస్ మరణించెను. ఐదేండ్లలో మొదలిడిన ఇరువురును మట్టిలో కలసిరి. సంఘమని చెప్పదగినది ఏర్పడలేదు. వారు విడిచిపోయినది కొన్ని వ్రాత కాగితములు. 1812లో వంగదేశమునందలి శ్రీరాంపురపు ముద్రాక్షరశాలలో మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగున అచ్చుపడినవి. ఆ పుటలను చేత పట్టుకొని చూచుటకు వారిలో ఒక్కడును మిగిలి లేడు.

అదే సంవత్సరము, అదే ముద్రాక్షరశాల. మార్చి నెల 11వ తేది సాయంకాలము అచట అగ్ని రేగెను. కాగితపు గుట్టలు, పలు భాషల అచ్చు అక్షరములు, విలియం కేరీ ఏండ్ల తరబడి కూర్చిన నిఘంటువుల, వ్యాకరణముల వ్రాతప్రతులు కాలిపోయినవి. కేరీ ఆనాడు కలకత్తాలో నుండెను. మరునాడు వర్తమానము అందినది. బూడిదలో వెదకగా అక్షరముల మూస చేయు ఉక్కు పోతలు చెడక దొరికినవి. కరగిన సీసమునే ఏరి తెచ్చి, దానితోనే క్రొత్త అక్షరములు పోయించిరి. కొలది వారములలో అచ్చుపని మరల సాగెను. కేరీ వ్రాసిన తెలుగు వ్యాకరణము 1814లో వెలువడినది. కరగిన సీసమును పారవేయక తూచి దాచుకొన్న ఆ మనుష్యుల సంగతి తలచినప్పుడెల్ల నాకు మన బెల్లపు పెనమే జ్ఞప్తికి వచ్చును.

విశాఖపట్టణమున ఎడ్వర్డు ప్రిచెట్టు ఆ మిగిలిన కాగితములను చేతికి తీసికొనెను. క్రొత్త నిబంధన మొత్తము ముగించెను. 1818లో అది చెన్నపట్టణమున అచ్చయినది. అటుపిమ్మట 1840లో వచ్చిన జాన్ హే, ఆయన తోడివాడైన వార్డ్‌లా ఆ వాక్యములను మరల దిద్దిరి. మొదటి తర్జుమాలో తెలుగు కుంటినడక నడిచెనని తరువాతివారు తప్పులెంచిరి, ఎంచవలసినదే. తప్పులున్నను మొదటి ప్రతి యొకటి యుండుటచేతనే దిద్దుట సాధ్యమయ్యెను గదా.

గ్రామములలో సంఘ పెద్దలైన వారు నాతో చెప్పుకొను దుఃఖము ఒక్కటియే. ‘ఇరువదియేండ్లు పాటుపడితిమి, ఏమి మిగిలినది? చదివించిన పిల్లలు పట్టణము పట్టిరి. సారాయి మానిన వాడు మరల త్రాగెను. ఆదివారము గుడిలో పదిమందియే.’ నేను దీనికి తీయని సమాధానము చెప్పజాలను. క్రాన్‌కు గూడ ఎవరును చెప్పజాలక పోయిరి. యాకోబు తన పత్రికలో రైతును చూపెను: విత్తినవాడు తొలకరి వానకొరకును, కడవరి వానకొరకును కనిపెట్టును గాని, మొలకను పట్టి పైకి లాగడు. కాని ఆ రైతు కనిపెట్టుచున్నప్పుడు పనిలేక కూర్చుండునని మీకెవ్వరికైన తోచునా? కలుపు తీయును, గట్టు వేయును, రాత్రి నీరు పెట్టును.

సారాయి మాని మరల త్రాగినవాని విషయమై ఒక్క మాట. అపొస్తలుల కార్యములలో మార్కు అను మారుపేరు గల యోహాను కథ చదువుడు. పౌలు మొదటి యాత్రలో పంఫూలియ దేశమువరకు వచ్చి, నడుమ విడిచి ఇంటికి పోయెను. అందుచేత మరుసటి యాత్రకు పౌలు వానిని వెంట రానీయలేదు. ఆ విషయమై పౌలునకును బర్నబాకును తగవు పుట్టి ఇరువురును వేరైరి. బర్నబా వానిని వెంటబెట్టుకొని పోయెను. ఏండ్లు గడచిన తరువాత చెరసాలలోనుండి తిమోతికి వ్రాయుచు, మార్కును తోడుకొని రమ్మని, అతడు తనకు అక్కరకు వచ్చువాడని పౌలే వ్రాసెను. సంఘ సంప్రదాయమును బట్టి, రెండవ సువార్త వ్రాసినది ఆ నడుమ విడిచిపోయినవాడే. అట్టివానికొక బర్నబా కావలెను. మన గ్రామములలో తప్పు పట్టుటకు పౌలులు చాలమంది యున్నారు.

ఇంతగా చెప్పుచున్న నేను నడుమ విడిచిన వాడనే. ఇరువదియేండ్ల క్రిందట, ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనై యున్న దినములలో, శారద యొడ్డుననున్న ఒక పల్లెలో పెద్దవారికి రాత్రిబడి పెట్టితిని. మొదటి నెల 18 మంది వచ్చిరి. నాకు గర్వము కలిగెను. చెరకు నరుకు దినములు రాగానే ఎనమండుగురైరి. మూడవ నెలలో ఇరువురు. వారిలో ఒకతె భర్త లేని కూలిమనిషి, నడివయస్సు దాటినది. ‘ఇద్దరికొరకు దీపమేల’ అనుకొని, ఎవరికిని చెప్పక, ఒకనాడు పోవుట మానివేసితిని. పల్లెవారికి చదువు మీద ఆశ లేదని ఉపాధ్యాయుల గదిలో చెప్పుకొంటిని, తలలూచినవారును ఉండిరి.

ఆరేడేండ్లు గడచినవి. ఒకనాడు బెల్లపు బజారులో ఒక కొట్టు అరుగు ప్రక్కను నడచుచుండగా ఎవరో ‘మాస్టారూ’ అని పిలిచిరి. ఆమెయే. చేతిసంచిలోనుండి నలిగిన క్రొత్త నిబంధన తీసెను. రాత్రులు కొంచెము కొంచెముగా తనంతట చదువుకొనుచున్నదట.

‘బాబూ, మీరు గునింతాల దాకా సెప్పి ఊరుకున్నారు. ఈ కిందేసిన అక్సరాలు సెప్పనేదు. అయి వొచ్చిన కాడ వదిలేసి మిగతాది సదువుతన్నాను’ అనెను.

నాకు నోట మాట రాలేదు. ఒత్తులు లేని తెలుగు ఎంతయని! ఆరేడేండ్లు ఆమె ఆ ఒత్తులన్నిటిని దాటుకొనుచు, మిగిలిన అక్షరములతో అర్థము కూర్చుకొనుచు చదివినది. పుస్తకము తెరచి ‘క్రీస్తు’ అను మాటమీద వ్రేలు పెట్టి, ఇదేమని అడిగితిని. ఒక్క మాటలో రెండు ఒత్తులు.

‘ఇదా బాబూ, ఇది ఆయన పేరు. అక్సరాలు తెలవ్వు గానీ బొమ్మ తెలుసు’ అని నవ్వెను.

వ్యాకరణము చదివి, వేలకొలది పిల్లలకు ఒత్తులు దిద్దించి, ఈమెకు మాత్రము దిద్దింపక దీపమార్పి వచ్చితిని. నా గర్వము ఆనాడు చల్లని నీటిలో పడినది, ఉండ నిలువలేదు. ఆమె ముఖమున నాపై నిష్ఠురము లేకుండుటయే నన్ను ఎక్కువ బాధించినది. మన్నింపుమని అడిగితిని. దేనికో ఆమెకు తెలియలేదు.

మరునాడు సాయంకాలము అదే అరుగు వద్దకు రమ్మని చెప్పితిని. మరునాడు ఆమె రాలేదు. లేచి పోదమని రెండుసార్లు అనిపించినది. చీకటి పడువరకు కూర్చుంటిని. మూడవనాడు వచ్చినది, తోడికూలి నొకతెను వెంటబెట్టుకొని. చెరకు బండ్లు ఆలస్యమైనవట. నేను బలపము తెచ్చుట మరచితిని. కొట్టువారు బస్తాలపై గురుతులు వేయు సుద్దముక్క నడిగి తీసికొని, అరుగుమీద ‘క’ వ్రాసి, దాని క్రింద ‘ర’ ఒత్తు పెట్టితిని.