మరపు చాదస్తము కాదు



భోజనము చేసి చేయి కడుగుకొన్న వృద్ధుడు, తనకు అన్నము పెట్టలేదని కోడలిపై కోపించును. లోకులు కోడలిని నిందింతురు. లేదా ముసలితనపు చాదస్తమని నవ్వుదురు. రెండును అన్యాయమే. ఇది డెమెన్షియా యను మెదడు వ్యాధి లక్షణము కావచ్చును. మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో సుమారు 88 లక్షలమందికి ఈ వ్యాధి కలదని 2023లో ప్రకటితమైన అంచనా.

మరపులన్నియు ఒకటి కావు. థైరాయిడు లోపము, బి12 విటమిను కొరత, మనోవ్యాకులత, కొన్ని మందులు గూడ మరపు కలిగించును. వీనిని గుర్తించి చికిత్స చేసినచో పలువురికి మేలు కలుగును. ఆల్జైమరు వ్యాధి కుదురునది కాదు. అయినను ముందుగా తెలిసినచో ఇంటివారు కోపము మానుదురు. భూమి పుట్ర వ్యవహారములను రోగి తెలివితో నున్నపుడే, అతని సమ్మతితో చక్కబెట్టుకొందురు.

జ్ఞాపకశక్తి వైద్యశాలలో ఇంటివారిని విచారింతురు, రోగిని చిన్న ప్రశ్నలడుగుదురు, రక్తపరీక్ష చేయింతురు. చదువు రానివారిని గూడ పరీక్షింపవచ్చును. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలోని అట్టి వైద్యశాలకు వచ్చిన 648 మంది రోగులపై 2013లో వెలువడిన పరిశోధనలో నిరక్షరాస్యులును గలరు. కాని నగరమునకు పోవుట బీదలకు భారము. ఈ సేవ మండల కేంద్రమునకు రావలెను.

అంతవరకు ఊరు చేయదగినది కలదు. ఇరుగుపొరుగువారు దినమునకు రెండు గడియలు వృద్ధునికడ కూర్చున్నచో కోడలికి విశ్రాంతి దొరకును. నిన్నటి మాట నిలువకున్నను, బాల్యమున కంఠస్థమైన పద్యము పలువురికి చిరకాలము నిలుచును. ఈ గ్రంథాలయమునుండి భాగవతము కొనిపోయి, వారికి చదివి వినిపింపుడు.