కోచ్‌కు మెయిల్ మీరే రాయండి

తెలుగు బడి పట్టా అందుకుంటున్న పిల్లలకు అభినందనలు. మీలో చాలామంది వచ్చే ఆగస్టులో హైస్కూల్‌కు వెళ్తున్నారు. టెన్నిస్ ఆడేవాళ్లూ కొందరున్నారు. నేను కాలేజీ టెన్నిస్ జట్టుకు సహాయ కోచ్‌ని కాబట్టి, నాకు తెలిసిన నాలుగు మాటలు చెబుతాను.

"మా అబ్బాయి చాలా కష్టపడతాడండీ" అని మొదలయ్యే, జట్టులో చోటు అడిగే మెయిల్స్ మాకు కుప్పలుగా వస్తాయి. కొందరు నాన్నలు తెలివిగా పిల్లల పేరుతో "నేను" అనే రాస్తారు. అయితే ఆ భాష అచ్చం ఆఫీసు నుంచి వచ్చినట్టే ఉంటుంది. ఫోన్ చేస్తే సమాధానాలన్నీ వెనక నుంచి నాన్నగారే అందిస్తుంటారు. మూడో సెట్‌లో నాలుగు-అయిదు మీద ఉన్నప్పుడు నాన్నగారు కోర్టులోకి రాలేరు కదా!

ఈమధ్య ఒక అమ్మాయి మెయిల్ రాసింది. అయిదారు వాక్యాలే. ఏ సంవత్సరం హైస్కూల్ పూర్తవుతుంది, యూటీఆర్ (టెన్నిస్ రేటింగ్) ఎంత, జీపీఏ ఎంత, వచ్చే నెల ఎక్కడ ఆడుతుంది, ఇంతే. చివర్లో, "మీ జట్టులో ఎడమచేతి వాటం వాళ్లిద్దరూ ఈ ఏడాది వెళ్లిపోతున్నారు. నాది ఎడమచేయే" అంది. వీడియోలో పాటలూ హంగులూ లేవు, ఓడిన పాయింట్లు కూడా ఉంచింది. మా జట్టు గురించి చదివి రాసిందని ఒక్క వాక్యంతో తెలిసిపోయింది.

జవాబు రాకపోతే బెంగపడకండి. అమెరికా కాలేజీ క్రీడల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్ టెన్నిస్‌లో మీ పదో తరగతి అయ్యాక జూన్ 15 వచ్చేదాకా ఎంపిక గురించి మేం మీకు రాయకూడదు, ఫోన్ చేయకూడదు. మీరు మాత్రం రాయొచ్చు. మేం చదువుతాం.

మార్కుల సంగతి తొమ్మిదో తరగతిలోనే మొదలవుతుంది. డివిజన్ వన్‌కు 16 కోర్ కోర్సులు, వాటిలో కనీసం 2.3 జీపీఏ కావాలి. అది గడప మాత్రమే, మంచి కాలేజీలు అంతకు చాలా ఎక్కువే అడుగుతాయి. డివిజన్ త్రీలోనూ ఐవీ లీగ్‌లోనూ ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు. ఈ మాట ముందే తెలుసుకుంటే ఇంట్లో గొడవలు తగ్గుతాయి.

పోటీ మాత్రం గట్టిదే. కాలేజీ ఆటగాళ్లకు చెల్లింపుల మీద 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంలో చేరిన కాలేజీల్లో టెన్నిస్ జట్టుకు పదిమందే. ఆ చోట్ల కోసం ప్రపంచమంతా వస్తుంది. మన ఆంధ్రా నుంచి సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయానికి ఆడాడు. నెల్లూరు మూలాలున్న నిశేష్ బసవరెడ్డి స్టాన్‌ఫర్డ్‌కు ఆడి, 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జొకోవిచ్ మీద మొదటి సెట్ గెలిచాడు. వాళ్లంతటి ఆట లేనివాళ్లకూ చోటుంది. ఏ జట్టులో నిజంగా ఆడే అవకాశం వస్తుందో మీరే వెతకాలి. "నేను మీ జట్టులో ఎన్నో స్థానంలో ఆడతాను?" అని కోచ్‌ని సూటిగా అడగండి. నీళ్లు నమిలితే ఇంకో కాలేజీ చూసుకోండి.

అమ్మలకూ నాన్నలకూ ఒక మనవి. టోర్నమెంట్లకు కారు మీరే నడపండి, ఫీజుల లెక్కలు మీరే అడగండి. మెయిల్ పాస్‌వర్డ్ మాత్రం ఈ సాయంత్రమే పిల్లలకు ఇచ్చేయండి.