మ్యాగజైన్ తీసేస్తే గన్ ఖాళీ అయినట్టేనా?

కోడింగ్ వీడియోల కోసం మన చానల్‌కి వచ్చేవాళ్లు ఈ రోజు టేబుల్ మీద ఉన్నవి చూసి కంగారు పడకండి. ఇవి ఐదు హ్యాండ్‌గన్‌లు. నావి కావు, ఇక్కడ టెక్సస్‌లో మాకు బాగా తెలిసిన ఒక అంకుల్‌వి. ఐదూ ఖాళీ. కెమెరా ఆన్ చేసే ముందు ఆయన చూశారు, నేను చూశాను, మళ్లీ ఆయన చూశారు. మూడుసార్లు ఎందుకో చివరికల్లా మీకే అర్థమవుతుంది.

గన్ కలెక్షన్ అనగానే మనకి సినిమాలో విలన్ డెన్ గుర్తొస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. కానీ అంకుల్ దగ్గర కూర్చుంటే పాత వాచీలు, పాత రేడియోలు దాచుకునేవాళ్ల దగ్గర కూర్చున్నట్టే ఉంటుంది. నా లాంటి ఇంజినీర్‌కి ఇందులో నచ్చేది ఏంటంటే, ఒకే సమస్యకి ఒక్కో కాలంలో ఒక్కొక్కరు ఒక్కో సొల్యూషన్ రాశారు. ఆ సమస్య చాలా సింపుల్: లోపల తూటా ఉందో లేదో, పేలకూడనప్పుడు పేలకుండా ఎలా ఆపాలో.

మొదటిది కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ, 1873 డిజైన్. కౌబాయ్ సినిమాల్లో చూసేది ఇదే. ఆరు గదులుంటాయి, కానీ తెలిసినవాళ్లు ఐదే నింపుతారు. హ్యామర్ పూర్తిగా దించితే దాని మొన నేరుగా తూటా వెనక ఆనుకుని ఉంటుంది, కింద పడితే పేలొచ్చు. అందుకే హ్యామర్ కింద గది ఖాళీగా ఉంచుతారు. అంటే ఇక్కడ సేఫ్టీ గన్‌లో లేదు, మనిషి అలవాటులో ఉంది.

రెండోది జర్మన్ లూగర్, పీ08. 1908లో వాళ్ల ఆర్మీ తీసుకుంది. పేల్చినప్పుడు పైభాగం మోకాలు మడిచినట్టు పైకి లేచి దిగుతుంది. ఛాంబర్‌లో తూటా ఉంటే పైన చిన్న ఉక్కు ముక్క ఎత్తుగా లేస్తుంది, దాని పక్కన గెలాడెన్ అని రాసి ఉంటుంది. జర్మన్‌లో లోడ్ అయి ఉంది అని అర్థం. చీకట్లో వేలితో తడిమినా తెలిసిపోతుంది. వందేళ్ల క్రితం నాటి స్టేటస్ ఇండికేటర్ అన్నమాట.

మూడోది 1911. జాన్ బ్రౌనింగ్ డిజైన్, అమెరికన్ ఆర్మీకి 1985 దాకా ప్రధాన పిస్టల్. కిలో దాటిన ఉక్కు, .45 తూటాలు ఏడు. పేలిస్తే చెయ్యి ఎగిరిపోతుందనుకున్నాను. అలా కాదు, ఎవరో అరచేతిని గట్టిగా వెనక్కి నెట్టినట్టుంటుంది. పిడి వెనక ఒక మీట ఉంటుంది, చేత్తో గట్టిగా పట్టుకుంటేనే పేలుతుంది.

నాలుగోది నాకు ఇష్టమైనది, బ్రౌనింగ్ హై పవర్. బ్రౌనింగ్ 1926లో బెల్జియంలో చనిపోయాక, అక్కడే సేవ్ అనే డిజైనర్ దీన్ని పూర్తి చేశారు. 1935లో వచ్చింది, మ్యాగజైన్‌లో 13 తూటాలు పడతాయి. అంకుల్ దగ్గరున్నది రెండో ప్రపంచ యుద్ధంలో కెనడాలో ఇంగ్లిస్ అనే కంపెనీ చేసింది. ఆ కంపెనీ యుద్ధం తర్వాత వాషింగ్ మెషీన్లు చేసింది! మన ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారై మన సైన్యానికి వెళ్లిన 9 ఎంఎం పిస్టల్ కూడా ఈ డిజైనే.

ఐదోది గ్లాక్ 17. 1982లో ఆస్ట్రియన్ ఆర్మీ తీసుకుంది. ప్లాస్టిక్ లాంటి పాలిమర్ బాడీ, తూటాలు 17. దీన్ని ఎవరూ అందంగా ఉందని కొనరు. కానీ ఎప్పుడు నొక్కినా ఒకేలా పనిచేస్తుంది.

ఇప్పుడు నా కథ. నేను నేర్చుకుంది హై పవర్ మీద. అందులో ఒక చిన్న ఏర్పాటుంది. మ్యాగజైన్ లోపల ఉంటేనే ట్రిగర్‌కీ హ్యామర్‌కీ లింకు కలుస్తుంది. మ్యాగజైన్ తీసేస్తే, ఛాంబర్‌లో తూటా ఉన్నా పేలదు. రెండు నెలల్లో నా చేతికి ఒకటే అలవాటైంది: మ్యాగజైన్ తీశాను, పనైపోయింది.

ఒక ఆదివారం రేంజ్‌లో గ్లాక్ ఇచ్చారు. చివర్లో దాన్ని విప్పి క్లీన్ చేద్దామని మ్యాగజైన్ తీశాను. గ్లాక్ విప్పాలంటే ముందు ట్రిగర్ నొక్కాలి, దాని పద్ధతే అంత. వేలు ట్రిగర్ మీదకి వెళ్తోంది. అంకుల్ చెయ్యి నా మణికట్టు మీద పడింది.

"ఆగు నాన్నా. ఛాంబర్ చూశావా?"

"మ్యాగజైన్ తీసేశాను కదా అంకుల్."

ఆయన ఏం మాట్లాడలేదు. నా చేతిలోంచి తీసుకుని స్లైడ్ వెనక్కి లాగారు. ఇత్తడి తూటా ఒకటి టేబుల్ మీద పడి దొర్లుకుంటూ వెళ్లింది. ఆ చప్పుడు నాకు ఇంకా వినిపిస్తుంది అండీ. గ్లాక్‌లో ఆ లింకు లేదు. 1911లోనూ లేదు. ఒక లైబ్రరీలో ఉన్న ఎర్రర్ చెక్ ఇంకో లైబ్రరీలోనూ ఉంటుందని నమ్మి కోడ్ ప్రొడక్షన్‌కి పంపేశాను నేను. బ్యారెల్ టార్గెట్ వైపు ఉంది కాబట్టి పేలినా మట్టికట్టలోకే వెళ్లేది. అది అదృష్టం కాదు, ఆయన మొదటి రోజు నుంచి తిట్టి తిట్టి నేర్పిన రూల్.

కారులో వస్తూ ఇంకో మాట చెప్పారు. హై పవర్‌లో ఆ ఏర్పాటు వల్ల ట్రిగర్ కాస్త గరుకుగా కదులుతుందని చాలామంది ఆ ముక్క పీకేస్తారట. బయటికి చూస్తే ఏ తేడా కనపడదు. అంటే సెకండ్ హ్యాండ్‌లో కొన్న హై పవర్‌ని కూడా నమ్మడానికి లేదు. "వాడి తాత చేసిన గన్ అయినా సరే, చూసిందే నమ్ము" అన్నారు.

అందుకే ఈ వరస గుర్తుపెట్టుకోండి. బ్యారెల్ సేఫ్ వైపు, వేలు ట్రిగర్ బయట. ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాతే స్లైడ్ లాగాలి. తిప్పి చేస్తే మ్యాగజైన్‌లోని తూటా మళ్లీ ఛాంబర్‌లోకి ఎక్కుతుంది. స్లైడ్ తెరిచి ఉంచి కంటితో చూడాలి, వేలు పెట్టి తడమాలి. ఎవరైనా మీ చేతికి ఇస్తూ "ఖాళీయే బ్రో" అంటే, వాళ్ల ముందే మళ్లీ చూడండి. ఎవరూ ఏమీ అనుకోరు. అనుకునేవాళ్లతో రేంజ్‌కి వెళ్లకండి.

ఇదంతా ముఖ్యంగా మన తెలుగు స్టూడెంట్స్ కోసం చెప్తున్నాను. వచ్చిన కొత్తలో ఫ్రెండ్ రూమ్‌లో గన్ కనిపిస్తే ఒక్క ఫొటో అనిపిస్తుంది. ఎఫ్1, హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు గన్ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రేంజ్‌లో అద్దెకు తీసుకున్నా చేతిలో ఉన్నట్టే లెక్క. కొన్ని మినహాయింపులున్నాయి, గడువులో ఉన్న హంటింగ్ లైసెన్స్ వాటిలో ఒకటి. నేను అది తీసుకున్నాకే ముట్టుకున్నాను. మీరు లాయర్‌ని అడగకుండా ముట్టుకోకండి.

ఆ రోజు దొర్లిన తూటాని అంకుల్ నాకు ఇవ్వలేదు. "గుర్తుగా ఉంచుకుంటా" అంటే, "తూటా ఎందుకురా, ఆ అలవాటు ఉంచుకో" అన్నారు. సరే అండీ, వచ్చే ఎపిసోడ్‌లో లూగర్ విప్పి చూపిస్తాను. ఛాంబర్ చూశాకే. ఉంటాను మరి, నమస్తే.