చూపునకు లోబడు శస్త్రయంత్రము



“రోబోతో శస్త్రచికిత్స చేయుదుము” అని వైద్యులు చెప్పినప్పుడు మన యిండ్లలో ముందుగా కలుగునది భయము. కోయునది మనుష్యుడా, మరయా యను సందేహము పుట్టును. రాజుపాలెమువంటి పలనాటి గ్రామములనుండి నరసరావుపేటకో గుంటూరుకో రోగిని గొనిపోయి, కాగితముపై వ్రాలు చేయు భారము తరచుగా పెద్దలదే. కావున వైద్యుని కంటిచూపుతో నడచు యంత్రమును గూర్చి నేడు ముచ్చటింతును.

కడుపును పెద్దగా కోయక, చిన్నరంధ్రములు చేసి, ఒకదానిగుండ కెమేరాగొట్టమును, తక్కినవానిగుండ పనిముట్లను లోనికి పంపి చికిత్సచేయు పద్ధతి కలదు. అందు కెమేరాను సహాయకుడు పట్టుకొనును. రాత్రివేళ మోటారు బాగుచేయువానికి పిల్లవాడు లాంతరు పట్టినట్లే యిది. పిల్లవాని చేయి యలసెనా, వెలుతురు తొలగును.

ఈ యిబ్బంది తీర్చుటకు ఇటలీదేశమున నొక యంత్రమును నిర్మించిరి. సెన్‌హాన్స్ అను పేర నది 2017లో అమెరికా ప్రభుత్వపు అనుమతి పొందెను. అందు వైద్యుడు రోగికి కొంతదూరమున తెరయెదుట కూర్చుండును. కంటికి కనబడని పరారుణకిరణముల సాయమున, ఆయన తెరపై నెచ్చట చూచుచున్నాడో యంత్రము కనిపెట్టును. ఆ చోటు తెరనడుమకు వచ్చును. తల ముందునకు జరిపిన దృశ్యము దగ్గరగును. వెనుకకు జరిపిన దూరమగును.

కన్ను చంచలము గదా, చూచినంతనే కత్తి కదలిన నేమి గతి యని మీరడుగవచ్చును. ఆ ప్రశ్న యుచితమే. అందుచేతనే చూపునకు కెమేరాను మాత్రమే యప్పగించిరి. కత్తియు సూదియు వైద్యుని చేతిపిడులకే లోబడియుండును. ఆయన తెరనుండి చూపు మరల్చినచో యంత్రపు చేతులు నిలిచిపోవును.

రోబోలన్నియు చూపుతో నడచునవి కావు. మనదేశమున పలు ఆసుపత్రులలోనున్న డావిన్సీ యంత్రమున వైద్యుడు కాలిమీట నొక్కి, చేతులతోనే కెమేరాను కదల్చును. ఏ యంత్రమైనను వైద్యుని నేర్పునకు సాధనమే గాని, దానికి మారు కాదు.

కావున వ్రాలు చేయుటకు ముందు మూడుమాటలు అడుగుడు: “అయ్యా, ఈ చికిత్సను ఈ యంత్రముతో మీరెన్నిమారులు చేసితిరి? నడుమ యంత్రము నిలిచిపోయిన నేమి చేయుదురు? యంత్రము లేక చేసినచో రోగికి కలుగు భేదమెంత, వ్యయమెంత?” నేర్పుగల వైద్యుడు ఈ ప్రశ్నలకు కోపింపడు. యంత్రమును చూచి వెరవవద్దు. యంత్రము పేరు విని మురియవద్దు. దాని వెనుకనున్న మనుష్యుని గూర్చి తెలిసికొనుడు.