పిల్లల చేతిలో ఫోన్, మన మీద బాధ్యత


కోవిడ్ రోజుల్లో బడులు మూతపడినప్పుడు ఎన్నో ఇళ్లలో ఒక్క ఫోనే తరగతి గది అయింది. దీక్ష వేదికలో పాఠాలు నేటికీ ఉచితమే. అదే ఫోన్‌లో అపరిచితుల వలలు, డబ్బు గుంజే ఆటలు, నిద్ర చెడగొట్టే రీల్స్ కూడా ఉన్నాయి.

అందుకని ఆడపిల్ల ఫోన్ లాక్కొని, మగపిల్లవాణ్ణి వదిలేయడం న్యాయం కాదు. ఆమె చదువు ఆగుతుంది, అతనికి కాపు ఉండదు. నియమం ఇద్దరికీ ఒకటే కావాలి: రాత్రి ఫోన్ పెద్దల దగ్గర ఉండాలి, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు.

ఎవరైనా బెదిరిస్తే పిల్లలు ముందు మనకే చెప్పుకోగలగాలి. ఇంట్లో తిడతారన్న భయమే మోసగాడి బలం. ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే 1930కి, పిల్లలకు ఆపదైతే 1098కి ఫోన్ చేద్దాం.

మీరిచ్చే ఉపకార వేతనంతో పాటు ఈ మాటనూ ప్రతి ఇంటికీ చేరుద్దాం.