ఫోన్‌లో మందు చెప్పేది ఎవరో అడుగుదాం



మనలో చాలామంది సంఘం అప్పుతోనే గేదెను కొన్నాం. దానికి జబ్బు చేస్తే పాలు ఆగుతాయి, కిస్తీ ఆగదు. ఆ కంగారులో ఫోన్‌లో ఎవరు ఏ సూది చెప్పినా వేయించేస్తున్నాం.

1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేయాల్సింది రిజిస్టరైన పశువైద్యులే. డిప్లొమా, సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ప్రభుత్వం అనుమతించిన చిన్న సేవలే చేయాలి, అదీ డాక్టరు పర్యవేక్షణలోనే.

అందుకే ఇంటికొచ్చినా, ఫోన్‌లో చెప్పినా "అయ్యా, మీ రిజిస్ట్రేషన్ నంబరెంత?" అని అడుగుదాం. మందు పేరు, మోతాదు, పాలు ఎన్నాళ్లు కేంద్రానికి పోయకూడదో రాయించుకుందాం. సంచార పశువైద్య వాహనం కావాలంటే 1962కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

అడగడానికి మొహమాటం వద్దు. గేదె మనది, అప్పూ మనదే.